సస్కటూన్‌లో మార్చి 8న రాబిన్: వలస వచ్చినదా, ఇక్కడే ఉండిపోయినదా?

ఉత్తర_వాకిలి · మార్చి 8

ఈ ఉదయం ఉష్ణోగ్రత మైనస్ 22 ఉండగా, మా వీధి మలుపులోని మౌంటెన్ యాష్ చెట్టు మీద ఒక రాబిన్ కూర్చుని, నిరుటి నుంచి వేలాడుతున్న ముడతలు పడ్డ ఎర్రపండ్లను ఒక్కొక్కటే తెంపుకుని తింటూ కనిపించింది. నిన్న సాయంత్రం వంతెన మీదినుంచి చూసినప్పుడు నదిలో ముప్పై దాకా కెనడా బాతులు ఉన్నాయి. ఈ రెండు సంగతులూ ఆఫీసులో చెబితే, ఇక్కడే పుట్టి పెరిగిన సహోద్యోగి ఒకాయన నవ్వి, అవి లెక్కలోకి రావన్నారు. ఎందుకు రావో మాత్రం చెప్పలేదు.

కెనడాలోని ఈ సస్కటూన్‌లో ఇది నా రెండో శీతాకాలం. కిందటేడు కూడా నేను ‘మొదటి రాబిన్’ అని ఉత్సాహంగా రాస్తే ఇదే వేదికలో ఒకరు ఒక్క వాక్యంతో కొట్టిపారేశారు. కళ్లెదుట కనిపించిన పక్షి లెక్కలోకి రాకపోతే మరి ఏది వస్తుంది? సస్కాచువాన్, మనిటోబా, ఆల్బర్టా, డకోటాలలో ఉన్నవారు తమకు కనిపించిన మొదటి వలస పక్షుల తేదీలను, అవి వలస వచ్చినవేనని ఎలా నిర్ధారించుకున్నారో దానితో సహా ఇక్కడ రాస్తే నాలాంటివారికి మేలు చేసినవారవుతారు.

సందేహాల_సూరి · మార్చి 8

కిందటేడు కొట్టిపారేసింది నేనే. ఇప్పుడూ అదే మాట చెబుతున్నాను.

గ్రిడ్‌రోడ్డు_గోపాలం · మార్చి 8

సూరి గారి మాట నిజమే కానీ, కారణం చెప్పకుండా కొట్టిపారేయడం న్యాయం కాదు. రాబిన్లలో అత్యధికం దక్షిణానికి వెళ్లిపోతాయి. అయితే ప్రతి శీతాకాలంలోనూ కొన్ని మాత్రం సస్కటూన్, రెజీనా వంటి ఊళ్లలో మౌంటెన్ యాష్ పండ్లూ క్రాబ్ యాపిళ్లూ ఉన్న వీధులను పట్టుకుని ఉండిపోతాయి. జనవరిలో బొహీమియన్ వాక్స్‌వింగ్ అనే పక్షుల గుంపులు వచ్చి ఆ చెట్లను ఖాళీ చేసి పోగా మిగిలినదానితోనే ఇవి నెట్టుకొస్తాయి. మీరు చూసిన పక్షి పండు తింటోంది. వలస వచ్చిన రాబిన్ అయితే మంచు కరిగిన నేలమీద, ముఖ్యంగా దక్షిణపు ఎండ పడే గోడ వారన, వానపాము కోసం పరుగెత్తుతూ ఆగుతూ కనిపిస్తుంది. ఆ దృశ్యం మీ ఊళ్లో సాధారణంగా మార్చి చివరికో ఏప్రిల్ మొదటి పక్షానికో గాని రాదు.

బాతుల సంగతి కూడా అంతే. సస్కటూన్‌లో విద్యుత్ కేంద్రం నుంచి వచ్చే గోరువెచ్చని నీటివల్ల నదిలో కొంత మేర ఏడాది పొడవునా గడ్డకట్టదు. ఆ నీటిని నమ్ముకుని కెనడా బాతులు, మల్లార్డులు, కామన్ గోల్డెన్ఐ బాతులు కొన్ని అక్కడే శీతాకాలం గడుపుతాయి. వచ్చిన బాతును చూడాలంటే నదిని కాకుండా ఆకాశాన్ని చూడాలి. దక్షిణం నుంచి ఉత్తరానికి వరస కట్టి, ఎత్తున అరుచుకుంటూ పోతున్న గుంపు కనిపించిన రోజు తేదీ రాసుకోండి.

రెడ్‌రివర్_రమణి · మార్చి 9

విన్నిపెగ్‌లో ఇంకా ఏమీ లేదు. ఇంటి వెనక మంచు నా మోకాలి దాకా ఉంది. మొన్న రాత్రి గడియారాలు ఒక గంట ముందుకు తిప్పుకున్నాం, అంతవరకే మాకు దక్కిన వసంతం.

గ్రిడ్‌రోడ్డు_గోపాలం · మార్చి 9

సస్కాచువాన్‌లో మేం గడియారం ముట్టుకోము రమణి గారూ. పక్షులూ మేమూ ఒకే కాలమానంలో ఉన్నాం.

బ్రాండన్_తాతయ్య · మార్చి 9

అబ్బాయి దగ్గరికి వచ్చి నాలుగు నెలలైంది. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవడం తప్ప నాకు వేరే పని లేదు కాబట్టి ఈ చర్చలో చేరే అర్హత నాకు మీ అందరికన్నా ఎక్కువే ఉందనుకుంటాను. ఆ రాబిన్‌కు కాసిని నూకలు చల్లకూడదా అమ్మా? అంత చలిలో ఎండుపండ్లు తిని ఎలా బతుకుతుంది?

కాల్గరీ_కల్యాణి · మార్చి 9

తాతగారూ, రాబిన్ గింజలు తినదు. నూకలు చల్లితే ఊరపిచ్చుకలు వచ్చి తినిపోతాయి. దానికి ఏదైనా పెట్టాలనే ఉంటే యాపిల్ ముక్కలు గాని, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టిన ఎండుద్రాక్ష గాని పెట్టవచ్చు. పిచ్చుకల ప్రసక్తి వచ్చింది కాబట్టి దాని మీద నేను తరువాత ప్రత్యేకంగా రాస్తాను, నా దగ్గర పెద్ద ఫిర్యాదే ఉంది.

సందేహాల_సూరి · మార్చి 10

నా అభ్యంతరం ఇంకొకటి ఉంది. ‘మొదటి తేదీ’ అనేదే బలహీనమైన కొలత. పదిమంది చూస్తున్న ఊళ్లో పక్షి మార్చి 20న కనిపిస్తే, వెయ్యిమంది చూస్తున్న ఊళ్లో అదే పక్షి మార్చి 12కే కనిపిస్తుంది. అంటే పక్షి ముందుగా వచ్చిందని కాదు, చూసే కళ్లు పెరిగాయని. ఇప్పుడు ప్రతి ఒక్కరి జేబులో ఫోను ఉండి, చూసిన మరుక్షణం ఈబర్డ్ అనే పక్షుల నమోదు యాప్‌లో ఎక్కించే కాలంలో వసంతం ఏటేటా ముందుకు జరుగుతోందని చెప్పుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

రెడ్‌రివర్_రమణి · మార్చి 10

అందులో సగమే నిజం, సూరి గారూ. మనిటోబా సరస్సు దక్షిణపు ఒడ్డున డెల్టా మార్ష్ అనే పెద్ద తడినేల ఉంది. అక్కడ 1939 నుంచి 2001 వరకు, అంటే 63 ఏళ్లపాటు, ఒకే చోట నమోదు చేసిన వసంతకాలపు రాకల తేదీలను శాస్త్రవేత్తలు పరిశీలించారు. మొత్తం 96 జాతుల్లో 27 జాతుల రాక తేదీల్లో గణనీయమైన మార్పు కనిపించింది, వాటిలో ఎక్కువ భాగం ముందుకు జరిగినవే. సుమారు సగం జాతుల రాక ఆ నెల ఉష్ణోగ్రతను బట్టి మారుతోందని కూడా తేలింది. మిగిలిన 69 జాతులు కదలలేదు కాబట్టి ‘అన్నీ ముందే వస్తున్నాయి’ అనేవారూ తప్పే, ‘ఏమీ మారలేదు’ అనేవారూ తప్పే. అది ఫోన్లు రాకముందటి లెక్క అన్న సంగతి మీరు గమనించాలి.

సందేహాల_సూరి · మార్చి 10

గమనించాను. ఒకే చోట, ఒకే పద్ధతిలో రాసిన లెక్క కాబట్టి దానికి విలువ ఇస్తాను. మన ఈ చర్చకు ఆ విలువ ఇవ్వను.

తేలినీలాపురం_వాసి · మార్చి 11

బిస్మార్క్, ఉత్తర డకోటా నుంచి రాస్తున్నాను. మా దగ్గర గ్యారిసన్ డ్యామ్ కింద మిజోరీ నది గడ్డకట్టని చోట కూడా బాతుల కథ ఇదే. కానీ నాకు ఈ ‘లెక్కలోకి రాదు’ అన్న మాట వింటే చిన్నప్పటి సంగతి ఒకటి గుర్తొస్తోంది. మా ఊరు శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం. ఏటా గూడబాతులూ కొంగలూ వచ్చి మా చింతచెట్ల మీద గూళ్లు కట్టేవి. ఊరివాళ్లకు వాటి రాక శుభం. మా నాయనమ్మ మొదటి పక్షిని లెక్కపెట్టేది కాదు. ‘ఒకటి వస్తే దారి తప్పింది, పది వస్తే మన ఊరికొచ్చాయి’ అనేది. సూరి గారి వాదం మా నాయనమ్మ వాదమే.

సందేహాల_సూరి · మార్చి 11

మీ నాయనమ్మగారికి నా నమస్కారాలు.

గ్రిడ్‌రోడ్డు_గోపాలం · మార్చి 11

ఉత్తర_వాకిలి గారు అడిగిన అసలు ప్రశ్నకు సమాధానం మిగిలిపోయింది. ఏది లెక్కలోకి వస్తుంది? నన్నడిగితే, ప్రెయిరీలో, అంటే మన ఈ గడ్డిమైదానాల్లో, వసంతాన్ని మొట్టమొదట తెచ్చేది రాబిన్ కాదు, బాతు కాదు, పెరట్లో ఎన్నడూ కాలు పెట్టని హార్న్‌డ్ లార్క్. నేను ధాన్యం కొనుగోలు పని మీద రెజీనా చుట్టుపక్కల పొలాల మధ్య గళ్లుగా సాగే గ్రిడ్ రోడ్ల మీద వారానికి అయిదు రోజులు తిరుగుతాను. ఏటా ఫిబ్రవరి మూడో వారానికల్లా, ఒక్కోసారి ఇంకా ముందే, పొలాలన్నీ తెల్లగా ఉండి చలి మైనస్ 25 దగ్గర ఉండగానే ఇవి కంకర రోడ్ల అంచున కనిపించడం మొదలవుతుంది. స్నోప్లవ్ మంచు తీసేశాక రోడ్డు వారన బయటపడే రెండడుగుల నేలే వాటికి ఆ రోజుల్లో ప్రపంచం. అక్కడి గింజలు ఏరుకుంటూ ఉంటాయి. కారు దగ్గరికి రాగానే లేచి, నేలకు ఆనుకున్నట్టుగా ఎగిరి, గోధుమ కొయ్యకాళ్ల మధ్యకు జారిపోతాయి. చాలామంది వీటిని పిచ్చుకలనుకుని దాటిపోతారు.

గుర్తుపట్టడం కష్టం కాదు. ముఖం పసుపు, కంటి కింద నల్లని చార, గొంతు కింద నల్లని పట్టీ ఉంటాయి. మగదానికి తలమీద రెండు సన్నని నల్లని ఈకలు కొమ్ముల్లాగా లేస్తాయి, కానీ గాలిలో అవి తలకు అతుక్కుపోయి ఉంటే కనిపించవు, కాబట్టి కొమ్ముల కోసం వెతక్కండి. వీటితోపాటే స్నో బంటింగ్ గుంపులు కూడా అవే రోడ్ల మీద ఉంటాయి. ఎగిరినప్పుడు రెక్కల్లో పెద్ద తెల్లని మచ్చలు మెరిస్తే అది బంటింగ్. బంటింగ్ ఇక్కడ శీతాకాలం గడిపి ఆర్కిటిక్‌కు పోవలసిన పక్షి, అంటే మనకు వెళ్లిపోయే చుట్టం. లార్క్ వచ్చే చుట్టం. ఒకే రోడ్డు వారన ఆ రెండూ కలిసి గింజలు తింటున్న దృశ్యాన్ని మించిన పంచాంగం నాకు తెలియదు.

బ్రాండన్_తాతయ్య · మార్చి 11

లార్క్‌ను మన నిఘంటువుల్లో భరతపక్షి అంటారు. కొమ్ముల భరతపక్షి అందామా?

సందేహాల_సూరి · మార్చి 11

కొమ్ములు కనిపించవని ఇప్పుడే అన్నారు కదా తాతగారూ.

ఉత్తర_వాకిలి · మార్చి 15

గోపాలం గారి మాట మీద ఈ రోజు ఊరికి దక్షిణంగా గ్రిడ్ రోడ్డు మీద ముప్పై కిలోమీటర్లు వెళ్లివచ్చాను. మొదటి గంటలో నాకు దొరికినవన్నీ బంటింగులే. ఒకసారి రెండు వందల దాకా ఒక్కుమ్మడిగా లేచి, తెల్లకాగితాలు గాలికి లేచినట్టు తిరిగి, మళ్లీ అదే చోట వాలాయి. తిరిగి వస్తుండగా, రైలు పట్టాలు దాటే చోట రోడ్డు మధ్యలోనే ఒక జంట నిలబడి ఉంది. కారు ఆపి కిటికీ దించితే సన్నగా గాజులు కదిలినట్టు చప్పుడు వినిపించింది. పసుపు ముఖం, నల్లని పట్టీ స్పష్టంగా కనిపించాయి. ఒకదానికి కొమ్ములు కూడా కనిపించాయి, సూరి గారూ.

ఈ పక్షిని నేను నిరుడు కూడా చూసే ఉంటాను. పిచ్చుక అనుకుని దాటిపోయి ఉంటాను.

మంచుగూబ · మార్చి 16

ఇన్నిటి మధ్య నా వంతు. నిన్న ఊరి తూర్పున గ్రేట్ హార్న్‌డ్ గుడ్లగూబ గూట్లో కూర్చుని ఉండగా ఫోటో తీశాను. వీపు మీద మంచు పేరుకుని ఉన్నా కదలడం లేదు. గూడు ఉన్న చోటు: [నిర్వాహకులు తొలగించారు]. త్వరగా వెళితే మంచి వెలుతురు దొరుకుతుంది.

కాల్గరీ_కల్యాణి · మార్చి 16

దయచేసి చోటు వివరాలు తీసేయండి. ఈ సమయంలో అది గుడ్లు పొదుగుతూ ఉంటుంది. నలుగురు వెళ్లి చెట్టు కింద నిలబడి తల్లి లేచిపోయిందంటే, ఆ చలిలో గుడ్లు చల్లబడడానికి ఎంతోసేపు పట్టదు.

మంచుగూబ · మార్చి 16

నేను అరగంట ఉన్నాను, అది లేవలేదు. చూడటానికి వచ్చేవారందరూ పక్షులంటే ఇష్టం ఉన్నవారే కదా. అందరూ చూస్తేనే కదా కాపాడాలన్న కోరిక కలిగేది?

గ్రిడ్‌రోడ్డు_గోపాలం · మార్చి 16

మీరు అరగంట నిలబడితే లేవలేదు, నిజమే. మీ తరువాత వచ్చే నలభైమందిలో ఒకరు చెట్టును తట్టరన్న హామీ మీరు ఇవ్వలేరు. ఈ గుడ్లగూబ గూడు కట్టుకోదు, కాకులూ డేగలూ వదిలేసిన పాత గూళ్లను ఆక్రమించుకుంటుంది. ఆకులు రాకముందే కూర్చుంటుంది కాబట్టి దాచుకోవడానికి దానికి ఏమీ ఉండదు. మీ సస్కటూన్‌లోనే డాక్టర్ స్టువర్ట్ హ్యూస్టన్ అని, వృత్తిరీత్యా రేడియాలజిస్టు, భార్య మేరీతో కలిసి దశాబ్దాలపాటు ఈ గుడ్లగూబ పిల్లల కాళ్లకు, తరువాత గుర్తుపట్టడానికి, ఉంగరాలు తొడిగారు. 2021లో పోయారు. ఆయనకు గూళ్లు చూపించినవారు రైతులు, గూట్లోని పిల్లలు ఎదిగాకే ఆయన వారి పొలాలకు వెళ్లేవారు. చూడవద్దని ఎవరూ అనడం లేదు, ఎప్పుడు చూడాలన్నదే ప్రశ్న.

మంచుగూబ · మార్చి 17

నిర్వాహకులు ఎలాగూ తొలగించారు. నేను ఒప్పుకోవడం లేదు కానీ, మే నెల దాకా మళ్లీ వెళ్లను.

తేలినీలాపురం_వాసి · మార్చి 18

బిస్మార్క్‌లో ఈ రోజు కెనడా బాతులు నిజంగానే వచ్చాయి. నదిలో ఉన్నవి కావు, దక్షిణం నుంచి ఎత్తున వచ్చినవి, ఎనిమిది గుంపులు. వాటి వెనకే పిన్‌టెయిల్ బాతులు రెండు. పొలాల్లో కరిగిన నీరు ఎక్కడ నిలబడితే అక్కడ దిగుతున్నాయి.

రెడ్‌రివర్_రమణి · మార్చి 19

అయితే మాకు ఇంకో వారం పడుతుంది. ఈ రోజు ఉగాది పచ్చడికి వేపపువ్వు దొరకలేదు, కోయిల సంగతి చెప్పనే అక్కర్లేదు. మావారు ఫోనులో కోయిల కూత పెట్టారు. వెంటనే బయట మ్యాగ్‌పై ఒకటి గట్టిగా తిట్టింది.

బ్రాండన్_తాతయ్య · మార్చి 20

ఈ రోజు ప్రపంచ పిచ్చుకల దినోత్సవమట. మా ఊళ్లో పిచ్చుకలు కనిపించకుండా పోయి చాలా ఏళ్లైంది. మా నాన్నగారు కొత్త పంట రాగానే వరి కంకులను కుచ్చుగా అల్లి వసారాలో వేలాడదీసేవారు. ఇక్కడ మా అబ్బాయి వాళ్ల గ్యారేజీ చూరులో డజను దాకా కిచకిచలాడుతుంటే నా ప్రాణం లేచివచ్చింది. కల్యాణమ్మకు వాటి మీద ఏదో ఫిర్యాదు ఉందన్నది. ఏమిటా ఫిర్యాదు?

కాల్గరీ_కల్యాణి · మార్చి 20

మిమ్మల్ని నొప్పించడం నాకిష్టం లేదు తాతగారూ, అయినా చెప్పక తప్పదు. ఊరపిచ్చుక ఈ ఖండానిది కాదు. 1850ల ప్రారంభంలో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో మనుషులు తెచ్చి వదిలారు. అక్కడినుంచి ఖండమంతా పాకింది. ఇది చెట్టు తొర్రల్లోనూ, పక్షుల కోసం మనం కట్టే పెట్టెల్లోనూ గూడు పెడుతుంది కాబట్టి అవే తొర్రల మీద ఆధారపడిన మౌంటెన్ బ్లూబర్డ్‌తో నేరుగా తలపడుతుంది. తలపడడమంటే మాటవరసకు కాదు, పెట్టెలో దూరి గుడ్లు పగలగొడుతుంది, పొదుగుతున్న పక్షిని ముక్కుతో పొడిచి చంపుతుంది. నిరుడు నేను చూసే పదకొండు పెట్టెల్లో ఊరికి దగ్గరగా ఉన్న రెండింటిలో ఇదే జరిగింది. ఆ పెట్టె తెరిచిన రోజు నేను ఇంటికొచ్చి అన్నం తినలేదు.

అందుకని నేర్చుకున్నది చెబుతాను. పెట్టెలు ఇళ్లకూ పశువుల కొట్టాలకూ దూరంగా, పచ్చికబయలు అంచున కంచె గుంజలకు పెట్టాలి. రంధ్రం సుమారు 4 సెంటీమీటర్లకు మించకూడదు, అంతకన్నా పెద్దదైతే స్టార్లింగ్ అనే మరో పక్షి దూరుతుంది. ట్రీ స్వాలోలు కూడా ఇవే పెట్టెలకు పోటీ పడతాయి కాబట్టి కొందరు పెట్టెలను జంటలుగా, కొన్ని అడుగుల దూరంలో పెడతారు. ఒకదాన్ని స్వాలో తీసుకుంటే అది తన జాతి మరో జంటను దగ్గరికి రానివ్వదు, బ్లూబర్డ్‌ను మాత్రం పట్టించుకోదు. పాత గూళ్లను మార్చి నెల మధ్యలోగా ఊడ్చి శుభ్రం చేయాలి, ఎందుకంటే మగపక్షులు ఆడవాటికన్నా ముందే వచ్చి పెట్టెలను ఎంచుకుంటాయి.

మీరున్న బ్రాండన్‌కు ఈ విషయంలో గొప్ప చరిత్ర ఉంది తాతగారూ. 1950ల చివర జాన్ లేన్, నోరా లేన్ దంపతులు అక్కడి పిల్లలను కూడగట్టి పెట్టెలు చేయించి, రోడ్ల వెంట కంచెలకు కట్టించారు. ఆ వరస పెరిగి సస్కాచువాన్‌లోకి కూడా పాకింది. ఇండియన్ హెడ్ దగ్గర లోర్న్ స్కాట్ అనే ఆయన కుర్రవాడిగా ఉన్నప్పటినుంచే వందలకొద్దీ పెట్టెలు పెట్టారు, తరువాత ఆ రాష్ట్రానికి పర్యావరణ మంత్రి అయ్యారు.

బ్రాండన్_తాతయ్య · మార్చి 20

నొచ్చుకోలేదు తల్లీ. అక్కడ లేదని ఏడ్చే పక్షే ఇక్కడ ఉందని ఏడవడం నాకు కొత్తగా ఉంది, అంతే. గ్యారేజీలో ఉన్నవాటిని మాత్రం నేను తరమను.

కాల్గరీ_కల్యాణి · మార్చి 24

వచ్చింది! ఊరికి నైరుతిన, కొండల మీదినుంచి వచ్చే వెచ్చని చినూక్ గాలి వీచి మంచు మరకలు మరకలుగా మిగిలిన కొండవాలు మీద, మగ బ్లూబర్డ్ ఒకటి. గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, కిందికి దూకి ఏదో పట్టుకుంది. పాలపిట్ట రెక్క విప్పినప్పుడు ఒక్క క్షణం మెరిసే నీలం ఉంటుంది చూడండి, ఆ నీలమే ఒళ్లంతా పూసుకున్నట్టు ఉంది. విచిత్రమేమిటంటే ఈ రెండు పక్షుల ఈకల్లోనూ నీలిరంగు పదార్థం అసలు లేదు. ఈక లోపలి సూక్ష్మ నిర్మాణం వెలుగును విరజిమ్మే తీరువల్ల మనకు నీలం కనిపిస్తుంది. దసరానాడు పాలపిట్టను చూడకుండా జమ్మిచెట్టు దగ్గరనుంచి ఇంటికి రాని మా నాన్నగారికి ఫోటో పంపాను. ‘మంచిదే, కానీ దసరా కాదు కదా’ అన్నారు.

ఉత్తర_వాకిలి · మార్చి 25

మా దగ్గర కాకి వచ్చింది. నిజం కాకే, మాలకాకి కాదు. సస్కటూన్‌లో శీతాకాలమంతా తిరిగేవి రేవన్లు, అంటే మాలకాకులని, వాటి తోక చివర కోణంగా ఉంటుందని ఇప్పుడు తెలుసుకున్నాను కాబట్టి ఈసారి తోక చూశాకే రాస్తున్నాను. గోడమీద కాకి అరిస్తే చుట్టాలొస్తారని అమ్మ అనేది. ఇక్కడ కాకే చుట్టం.

సందేహాల_సూరి · మార్చి 25

తోక చూసి రాశారు కాబట్టి అంగీకరిస్తున్నాను.

రెడ్‌రివర్_రమణి · మార్చి 27

విన్నిపెగ్ మీదుగా ఈ రోజు సాయంత్రం బాతుల వరసలు ఆగకుండా పోయాయి. పాత్రలు తోముతున్నదాన్ని సబ్బుచేతులతోనే బయటికి పరుగెత్తాను. ఇంకేమీ రాయను.

ఉత్తర_వాకిలి · మార్చి 29

వెస్టర్న్ మెడోలార్క్ కూడా వచ్చేసింది. పొద్దున్నే ఇంటి ముందు స్పష్టంగా పాడింది. నాకు పక్షి కనిపించలేదు, కానీ కూతను బట్టి జాతిని చెప్పే యాప్ మెడోలార్క్ అనే చూపించింది.

తేలినీలాపురం_వాసి · మార్చి 29

ఇంటి ముందంటే ఊరి మధ్యలోనా? మెడోలార్క్ పచ్చికబయళ్ల పక్షి. బిస్మార్క్ బయట మాకు రెండు రోజుల కిందటే వచ్చింది, అదీ కంచె గుంజ మీద. అది ఉత్తర డకోటా రాష్ట్రపక్షి, 1947లో ప్రకటించారు. మరో అయిదు రాష్ట్రాలకు కూడా అదే రాష్ట్రపక్షి కాబట్టి మేం పెద్దగా గర్వపడడానికి లేదు. మీ వీధిలో ఎత్తయిన చోట, పొగగొట్టం మీద గాని తీగమీద గాని, నల్లని పక్షి ఏదైనా కూర్చుని ఉందేమో ఒకసారి చూడండి.

ఉత్తర_వాకిలి · మార్చి 29

ఉంది. పొగగొట్టం మీద నల్లగా, ఒంటినిండా చుక్కలతో ఒకటి కూర్చుని గొంతు ఉబ్బించి పాడుతోంది. స్టార్లింగ్. నేను చూస్తుండగానే మెడోలార్క్ పాట పాడి, వెంటనే కిల్‌డీర్ అనే మరో పక్షి కూత కూసి, ఆపైన ఎవరిదో కారు అలారం కూడా మోగించింది.

సందేహాల_సూరి · మార్చి 29

ఇప్పుడు అర్థమైందా నేను ఎందుకు సందేహిస్తానో? స్టార్లింగ్ పోయినేడు విన్న పాటను శీతాకాలమంతా గుర్తుపెట్టుకుని పాడగలదు. యాప్ విన్నది సరిగానే విన్నది, పాడింది ఎవరో అది చూడలేదు.

మంచుగూబ · ఏప్రిల్ 1

నా శీతాకాలపు నేస్తం స్నోయీ గుడ్లగూబ నాలుగు రోజులుగా తన కరెంటు స్తంభం మీద లేదు. ఉత్తరానికి వెళ్లిపోయినట్టుంది. మీరంతా వచ్చినవాటి తేదీలే రాస్తున్నారు. వెళ్లినవాటి తేదీలు ఎవరూ రాయడం లేదు.

గ్రిడ్‌రోడ్డు_గోపాలం · ఏప్రిల్ 1

మంచి మాట అన్నారు. ఆఖరి తేదీ రాయడం మొదటి తేదీకన్నా కష్టం, ఎందుకంటే అది ఆఖరిదని ఆ రోజున తెలియదు. నాకు చివరి బంటింగ్ గుంపు మార్చి 28న కనిపించింది, ఇంకా రావచ్చు.

మీ కెమెరాకు పని చెబుతాను, గూడు జోలికి పోని పని. షార్ప్‌టెయిల్డ్ గ్రౌస్ మా సస్కాచువాన్ రాష్ట్రపక్షి. దాని మగపక్షులు ఇప్పుడు తెల్లవారకముందే పచ్చికలో ఒక మిట్ట మీద చేరి నాట్యం చేస్తున్నాయి. రెక్కలు చాచి, తోక నిక్కబొడిచి, మెడకు రెండు పక్కలా ఊదారంగు సంచులు ఉబ్బించి, కాళ్లు నేలకేసి ఎంత వేగంగా కొడతాయంటే కీ ఇచ్చిన బొమ్మలు గుర్తొస్తాయి. ఉన్నట్టుండి అన్నీ ఒకేసారి ఆగిపోతాయి. మళ్లీ ఒకేసారి మొదలెడతాయి. ఏటా అదే మిట్ట. ఈ మైదానాల మూలవాసులు చేసే చికెన్ డ్యాన్స్‌కు మూలం ఈ పక్షి జాతుల నాట్యమేనంటారు. చీకటి ఉండగానే వెళ్లి, కారును దూరంగా ఆపి, అవి తమంతట తాము వెళ్లిపోయేవరకు తలుపు తీయకుండా కూర్చుంటే అవి మనల్ని పట్టించుకోవు. మిట్ట ఎక్కడో ఇక్కడ రాయను, మీకు విడిగా చెబుతాను.

మంచుగూబ · ఏప్రిల్ 4

వెళ్లాను. పద్నాలుగు మగపక్షులు. చేతులు కొంకర్లు పోయి మొదటి ఇరవై నిమిషాలు ఒక్క ఫోటో తీయలేకపోయాను, అదీ మంచికే జరిగింది. చోటు అడగవద్దు.

ఉత్తర_వాకిలి · ఏప్రిల్ 6

ఈసారి కంచె గుంజ మీద. పసుపు రొమ్ము మీద నల్లని ‘వి’ ఆకారం, ఎదురుగాలిలో ముక్కు పైకెత్తి పాడుతుండగా ముప్పై అడుగుల దూరంనుంచి చూశాను. గుంజ కిందే గోఫర్ (నేల ఉడుత) ఒకటి నిటారుగా నిలబడి నావైపు చూస్తోంది. పొగగొట్టాలు చుట్టుపక్కల ఏవీ లేవు.

తేలినీలాపురం_వాసి · ఏప్రిల్ 6

సంతోషం. ఆ పాట వినగలిగినప్పుడే వినండి. 1970 నుంచి ఈ ఖండంలో సుమారు 300 కోట్ల పక్షులు తగ్గిపోయాయని 2019లో ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. అందులో గడ్డిమైదానాల పక్షుల నష్టమే ఘోరం, సగానికి పైగా పోయాయి. మెడోలార్క్, గోపాలం గారి హార్న్‌డ్ లార్క్ రెండూ ఆ జాబితాలోనివే. పచ్చిక దున్నేసిన చోట అవి గూడు పెట్టడానికి నేల లేదు.

బ్రాండన్_తాతయ్య · ఏప్రిల్ 9

నిన్న మా అబ్బాయి పొలాల వైపు తీసుకువెళ్లాడు. నీళ్లు నిలిచిన పొలం మీద పెద్ద తెల్లని పక్షులు, రెక్కల చివర నలుపు. హూపింగ్ క్రేన్లని నా అనుమానం. ప్రపంచంలో కొద్దివందలే ఉన్నాయని చదివాను. నేను చూసినవి రెండు వేల దాకా ఉంటాయి.

సందేహాల_సూరి · ఏప్రిల్ 9

తాతగారూ, తెల్లనివన్నీ పాలు కావు. మీరు చూసినవి స్నో గీస్ అనే తెల్లబాతులు. హూపింగ్ క్రేన్ల సహజ గుంపు 1941లో పదిహేను పదహారుకు పడిపోయి, ఇప్పుడు ఐదు వందలు దాటింది. టెక్సస్ తీరంలోని అరాన్సస్ నుంచి కెనడా ఉత్తరాన ఉన్న వుడ్ బఫెలో ఉద్యానం దాకా పోతూ ఏప్రిల్ రెండో సగంలో ఎక్కువగా సస్కాచువాన్ మీదుగా వెళతాయి, అదీ రెండూ మూడూ చొప్పున. రెండు వేలు కనిపించి ఉంటే ఈపాటికి మీ అబ్బాయి ఇంటి ముందు టీవీవాళ్లు ఉండేవారు.

బ్రాండన్_తాతయ్య · ఏప్రిల్ 9

టీవీవాళ్లు రాకపోతే మానె. రెండు వేల తెల్లపక్షులు ఒక్కసారి లేచాయి, నేను చూశాను. నాకు అది చాలు.

రెడ్‌రివర్_రమణి · ఏప్రిల్ 13

సస్కటూన్‌వారిని ఒక మాట అడగాలి. నదికి అడ్డంగా కట్టిన వియర్ దగ్గరికి గూడబాతులు, అంటే పెలికాన్లు, వచ్చాయా? ఏటా మొదటి పెలికాన్ ఎప్పుడు దిగుతుందో ఊహించే పోటీ పెడతారని విన్నాను.

ఉత్తర_వాకిలి · ఏప్రిల్ 14

పోటీ ఉంది, నేనూ ఒక తేదీ రాసి పంపాను, అది నిన్ననే దాటిపోయింది. ఇంకా రాలేదు. వస్తే తేలినీలాపురం_వాసి గారికి ముందు చెబుతాను.

ఈ చర్చ మొదలుపెట్టిన విషయానికి మళ్లీ వస్తున్నాను. ఈ ఉదయం మా ఇంటి ఎదుటి పార్కులో దక్షిణపు గోడ వారన, మంచు పోయి తడిగా ఉన్న గడ్డిమీద పదకొండు రాబిన్లు పరుగెడుతూ, ఆగుతూ, తల వంచి చూస్తూ, వానపాములు లాగుతున్నాయి. ఒక్కటీ చెట్టు మీద లేదు, ఒక్కటీ పండు తినడం లేదు. వీటిని నేను లెక్కలోకి తీసుకుంటున్నాను.

సందేహాల_సూరి · ఏప్రిల్ 14

ఆ పదకొండింటిలో మార్చి 8 నాటి మౌంటెన్ యాష్ పక్షి లేదని ఎలా చెప్పగలరు?

ఉత్తర_వాకిలి · ఏప్రిల్ 14

చెప్పలేను. అందుకే నా పుస్తకంలో పది అని రాసుకున్నాను.